పెరటి చేపల గుంటలలో నాచు: దానిని అదుపులో నుంచు విధము

గోదావరి డెల్టా గ్రామములలో ఇంటి వెనుక నొక గుంట యుండుట సర్వసాధారణము. దేశము పల్లమగుటచే, ఇల్లు కట్టదలచినవారు పెరటిలోనే మట్టి త్రవ్వి ఇంటి నేలను మెరక చేసికొనుచు వచ్చిరి. ఆ గోతులే గుంటలైనవి. 1852 వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు పారినది మొదలు, ఈ గుంటలలో ననేకములు బోదెల ద్వారా కాలువ నీటితో నిండుచు, వంటకును, పశువులకును, తోటకును, చేపలకును పనికివచ్చుచుండెను. ఇంటింటికి కుళాయి వచ్చిన పిమ్మట నీటికై గుంటలోనికి దిగువారు తగ్గిరి. దిగువారు తగ్గినందున బాగుచేయువారును తగ్గిరి. కొబ్బరిమట్టలు పడి క్రుళ్ళుచు, పశువులశాల కడిగిన నీరును అంట్లు తోమిన నీరును చేరుచు, గుంట యేటేట పూడి, వేసవినాటికి మోకాటిలోతై, పచ్చని దుప్పటి కప్పినట్లు నాచుతో నిండియుండుట కోనసీమలోను, భీమవరము, నరసాపురము, తణుకు ప్రాంతములలోను చూడవచ్చును.

ఇట్టి గుంటను చూచి యజమాని తఱుచుగా రెండింటిలో నొకటి చేయును. మట్టి తోలించి పూడ్చివేయును. లేదా దుకాణమున మైలతుత్తము కొని తెచ్చి చల్లును. మొదటి దానివలన గుంట పోవును. రెండవ దానివలన నాచు చచ్చుట నిజమే గాని, దానితోబాటు గుంటలోని చేపలన్నియు నొక్కరాత్రిలో పోవుట తటస్థించును. ఉదయమున వెల్లకిల తేలిన చేపలను చూచి, పొరుగువారెవరో విషము కలిపిరని తగవులాడినవారును లేకపోలేదు. చేపలను చంపినది తుత్తముగాని, పొరుగువాడుగాని కాకపోవచ్చును. చచ్చిన నాచే చంపియుండవచ్చును. ఇది యెట్లో తెలిసికొన్న రైతు, డబ్బు వ్యయము చేయకయే గుంటను బాగుచేసికొనగలడు.

ముందుగా పేర్లను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఇంగ్లీషు గ్రంథములలో ఆల్గీ యనబడు వానికి మన పాఠ్యపుస్తకములు శైవలములని పేరు పెట్టినవి. రైతు ఈ మాట వాడడు. వాడవలసిన యవసరమును లేదు. అయితే రైతు వాడు నాచు, పాచి, పాకుడు అను మాటలు నీటిలో పచ్చగా కనబడు ప్రతిదానికిని చెల్లుచుండుటచే, ఒక దానికి చేయవలసిన చికిత్స మఱియొకదానికి జరుగుచున్నది. గుఱ్ఱపుడెక్కయు, అంతరతామరయు, నూగుగింజలవలె నీటిపై తేలు చిన్నయాకుల మొక్కయు నాచు జాతిలోనివి కావు. అడుగున వేళ్ళూని నీటిలోపల పొడవుగా పెరుగు హైడ్రిల్లా మొక్కయు నాచు కాదు. వీనిని వేళ్ళతో పెకలించి తీసివేసిన తీరును.

నిజమైన నాచులో రైతు గుర్తింపవలసినవి మూడు విధములు. జుట్టువలెను, తడిసిన దూదివలెను పోగులుగా నుండి, మొదట అడుగున పుట్టి, ఎండవేళ బుడగలతో పైకి తేలునది దారపు నాచు. నీటికంతకును పచ్చని రంగు పట్టించునది రెండవది. దీనిని విడిగా పట్టి చూపుటకు వీలులేదు. మూడవది నీలి యాకుపచ్చ తెట్టు. ఇది నీటిపై రంగు ఒలకబోసినట్లుండి, గాలి వీచిన వైపునకు గట్టు ప్రక్కను చేరి, దుర్గంధమిచ్చును. శాస్త్రజ్ఞులు దీనిని బాక్టీరియా తెగలో చేర్చినారు. వీనిని పోల్చుకొనుటకు ఒక పుల్ల చాలును. పుల్లను ముంచి పైకి తీయగా పోగులు వ్రేలాడినయెడల దారపు నాచు. పుల్లకు రంగు పూసినట్లు పట్టినయెడల నీలి యాకుపచ్చ తెట్టు. పోగులును లేక, పూతయు లేక పుల్ల తడిసి వచ్చినయెడల రెండవ విధము. ఇది మితముగా నున్నంతవఱకు శత్రువు గాదు, చేపల యన్నమే. కొన్ని గుంటలలో పగలు ఎఱ్ఱని తెట్టు పైకి వచ్చి సాయంకాలమునకు అణగిపోవును. అది కుళ్ళిన పదార్థము మితిమీఱి చేరినదనుటకు గుర్తు.

ఇక నాచు ఏల పెరుగునో విచారింతము. వరికి ఎఱువు ఎట్టిదో నాచుకును అట్టిదే. నత్రజనియు, భాస్వరమును నీటిలో చేరినకొలది అది పెరుగును. పేడనీరు, మూత్రము, సబ్బునీరు, కొబ్బరిపాదులకు వేసిన ఎఱువు వర్షమునకు కొట్టుకొనివచ్చుట, చేపలకు మితిమీఱి వేసిన తవుడును చెక్కయు, ఇవియన్నియు గుంటకు ఎఱువులే. ఏండ్లకొలది అడుగున చేరిన నల్లని బురద యీ యెఱువునకు గాదె వంటిది. పైని నాచును ఎన్నిమాఱులు తీసినను, గాదెలో గింజలున్నంతకాలము మఱల మొలచుచునేయుండును. బాతులను పెంచువారు ఒకటి గమనింపవలయును: బాతు పైనున్న చిన్నయాకులను తినుట కంటికి కనబడును, అది నీటిలో వేయు రెట్ట కనబడదు.

పగటివేళ నాచు ఎండ సాయమున ప్రాణవాయువును నీటిలోనికి విడుచును. రాత్రివేళ తానే ఆ ప్రాణవాయువును పీల్చుకొనును. అందుచేత నాచు దట్టముగా నున్న గుంటలో మధ్యాహ్నము మూడుగంటలకు ప్రాణవాయువు సమృద్ధిగా నుండి, తెల్లవాఱుజామునకు మిక్కిలి తగ్గిపోవును. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములుండుట చేపకు మేలు. 3 మిల్లీగ్రాములకు లోబడిన చేప బాధపడును. ఇంకను తగ్గిన పైకి వచ్చి నోరు తెఱచి గాలి గ్రుక్కలు పట్టును. నాచు చచ్చినప్పుడు ప్రాణవాయువు నిచ్చువారు లేకపోవుటయే గాక, ఆ కళేబరము క్రుళ్ళుటకును ప్రాణవాయువు కావలసివచ్చును. గుంటెడు నాచు నొక్కదినమున చంపుట యనగా, గుంటెడు పచ్చిరొట్టను ఒక్కసారిగా నీటిలో క్రుళ్ళవేయుటయే. ఆ రాత్రియో, మఱునాటి రాత్రియో, ముసురు పట్టి గాలి లేని రాత్రియైన మఱింత నిశ్చయముగా, చేపలు ఊపిరాడక చచ్చును. పెద్దచేపలు ముందు పోవును. ఏండ్లు పెంచిన బొచ్చెలు పోయి, వేలెడు పరిగెలు మిగులుట యిందువలననే.

మైలతుత్తము నాచును చంపునను సంగతి క్రొత్తది గాదు. 1904 లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్మను అను శాస్త్రజ్ఞులు మంచినీటి చెఱువులలో నాచు నివారణకు దీనిని వాడు విధమును ప్రకటించిరి. అది మొదలు లోకమంతటను వాడుకలో నున్నది. దోషము మందులో లేదు, మోతాదులో నున్నది. ఒక సెంటు విస్తీర్ణమున ఒక అడుగు లోతు నీరు సుమారు 12,300 లీటర్లు. పది సెంట్ల గుంటలో నాలుగడుగుల నీరున్నయెడల సుమారు 5 లక్షల లీటర్లగును. నీటి క్షారత లీటరునకు 100 మిల్లీగ్రాములైన, తుత్తము లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదు. అనగా పది సెంట్ల గుంట మొత్తమునకు అరకిలో. క్షారత 50 కి తక్కువయైన నీటిలో తుత్తము ముట్టనే రాదు, నాచుకంటె ముందు చేపయే చచ్చును. ఈ లెక్క తెలిసిన పిమ్మట, తట్టలతో చల్లువారు ఎన్నిరెట్లు మించుచున్నారో రైతులే యూహింపగలరు. నీటిని పరీక్ష చేయింపక తుత్తము వాడుట సలహా యిచ్చుటకు వీలులేని పని. పరీక్ష చేయించి వాడదలచినను, ఒక్కమాఱు గుంటలో మూడవవంతునకు మాత్రమే, ఉదయమున ఎండ కాయుచున్న దినమున వేసి, రెండువారములు ఆగవలయును. వేసిన తుత్తములోని రాగి బురదలో చేరి నిలిచిపోవును గనుక ఏటేట వేయుట తగదు.

నాచును తీయుటకు ఉత్తమసాధనము చేయి. వెదురుగడ కొనకు ముండ్లకంప కట్టి, నీటిలో ముంచి త్రిప్పిన దారపు నాచు కండెకు నూలువలె చుట్టుకొని వచ్చును. పెద్దగుంటయైన, కొబ్బరిపీచు మోకునకు అక్కడక్కడ కంప కట్టి, ఇరువురు చెరియొక గట్టున నడచుచు ఈడ్చుకొనిరావలయును. ఇచ్చటను ఒక్కదినమున అంతయు తీయరాదు. మూడవవంతు తీసి, వారము దినములాగి, మఱల మూడవవంతు తీయవలయును. తీయునప్పుడు అడుగు బురద కలగి దుర్వాయువులు లేచును. కావున ప్రొద్దెక్కిన తరువాత పని మొదలిడి, మధ్యాహ్నమునకు ముగించుట మేలు. తీసిన నాచును గట్టుమీదనే కుప్పవేయు అలవాటు మిక్కిలి చెడ్డది. మొదటి వానకే దాని సారము మఱల గుంటలోనికి దిగును. పది బారల దూరము మోసికొనిపోయి కొబ్బరిపాదులలోనో, పెంటపోగులోనో వేయవలయును.

అయితే చేతితో తీయుట ఈ యేటి పని. మఱల రాకుండ చేయుట వేసవి పని. కాలువలు కట్టివేసిన దినములలో గుంటలోని నీటిని తోడి, చేపలను పట్టి, అడుగును ఎండ వేయవలయును. నేల బీటలు వాఱి, నడచిన మడమ దిగకుండునంతవఱకు ఎండుట మంచిది. అప్పుడు నల్లబురదను జానెడో, మూరెడో, ఎంత పేరుకొన్న నంత గీకి తీసివేయవలయును. ఈ మట్టి కొబ్బరికిని, అరటికిని, కందకును బలము. తోలుటకు కూలి యగునని వెనుకాడువారు, అదే మట్టిని ఎఱువుగా కొన్న ఎంత యగునో లెక్కచూచికొనవలయును. గట్ల ప్రక్కను పలుచగా నున్న చోటులను మూడడుగులకు తక్కువ గాకుండ లోతు చేయుట ముఖ్యము. దారపు నాచు అడుగున వెలుతురు తగిలినచోటనే పుట్టును; అడుగుదాక ఎండ దిగనిచోట మొలవదు. అంతర్వేది, మొగల్తూరు వంటి సముద్రతీరపు గ్రామములలో మాత్రము ఎక్కువ లోతు త్రవ్విన ఉప్పునీరు ఊరవచ్చును గనుక, ఇరుగుపొరుగు నూతుల లోతు చూచి మెలగవలయును.

ఎండిన యడుగున సెంటునకు ఒక కిలో చొప్పున సున్నము చల్లి, వారము దినములైన పిమ్మట నీరు పెట్టవలయును. సున్నమును గూర్చి ఒక భ్రమ వ్యాపించియున్నది. పచ్చని నీరు కనబడినప్పుడెల్ల సున్నము చల్లువారు కలరు. నాచు దట్టమైన గుంటలో మధ్యాహ్నమునకు నీటి పి.హెచ్. 9 దాటిపోవును, అప్పుడు సున్నము వేసిన ఇంకను పెరిగి, చేపల మలమునుండి పుట్టు అమ్మోనియా విషముగా మాఱును. సున్నము ఎండిన నేలకు వేయవలసినది. నిండిన గుంటలో వేయుటకు నీటి పరీక్ష కావలయును.

నీరు పెట్టునప్పుడు కాలువనీరే పెట్టవలయును. యనమదుర్రు వంటి మురుగుకాలువల నీరు చేలలోని ఎఱువును, ఊళ్ళలోని మురుగును మోసికొనివచ్చును. అది గుంటకు పెట్టుట నాచుకు విత్తనము చల్లుటయే. తూమునకు సన్నని జల్లెడగుడ్డ కట్టినయెడల కొరమీను పిల్లలును, పనికిరాని చేపలును చొరకుండును. వంటింటి నీరును, పశువులశాల నీరును పోవు కాలువను గుంటకు దూరముగా మళ్ళించి అరటిబోదెలలోనికి విడువవలయును. గుంటచుట్టు జానెడెత్తు కట్ట వేసిన వాననీటితో పెరటి చెత్త దిగదు. ఈ రెండు పనులకు అయ్యెడు వ్యయము రెండు దినముల కూలి. ఇవి చేయక మిగిలిన వన్నియు చేసిననూ ఫలము సగమే.

పది సెంట్ల గుంటకు వేలెడు పొడవు గల పిల్లలు 200 చాలును. పైనీటిలో మేయు బొచ్చె, నడుమ మేయు శీలావతి, అడుగున మేయు ఎఱ్ఱమోసు కలిపి వేయుట మన రైతులకు తెలిసినదే. నాచు విషయమున తఱుచుగా వినబడునది గడ్డిచేప. దీనిని, వెండిచేపను 1959 లో విదేశములనుండి మనదేశమునకు తెచ్చిరి. గడ్డిచేప హైడ్రిల్లాను, లేత గడ్డిని మిక్కిలి ప్రీతితో తినును. దారపు నాచును వేఱొకటి దొరకనప్పుడు కొంతవఱకు తినును. నీలి యాకుపచ్చ తెట్టు దానికి పట్టదు. తిన్నదానిలో చాలభాగము మఱల మలముగా నీటిలోనే చేరి ఎఱువగును. కావున 200 పిల్లలలో 20 గడ్డిచేపలు వేయుట లాభమే గాని, నాచుకు ఇదియే మందని చెప్పి అమ్మువారిని నమ్మరాదు. బంగారుతీగ అడుగును గెలికి నీటిని బురద చేయును. ఆ బురదనీరు వెలుతురును ఆపుటచే దారపు నాచు తగ్గుట కొన్నిచోట్ల కనబడినది. గట్లు మెత్తనివైన ఇది వానిని త్రవ్వి పాడుచేయును.

పిల్లలు వేసిన తరువాత నీటి రంగే రైతుకు లెక్కపుస్తకము. ఉదయము ప్రొద్దెక్కిన పిమ్మట గట్టున వంగి, చేతిని చాపి, అరచేయి పైకి త్రిప్పి నీటిలో మెల్లగా ముంచవలయును. మోచేయి మునుగువేళకు అరచేయి కనుమఱుగైన నీరు సరిగా నున్నది. మణికట్టు దాటకమునుపే కనుమఱుగైన నీటిపచ్చ మితిమీఱినది. తవుడు, చెక్క వెంటనే ఆపి, క్రొత్తనీరు కొంత పెట్టవలయును. మోచేయి మునిగినను అరచేయి స్పష్టముగా కనబడిన, నీరు తేటగా నున్నదని సంతసింపరాదు. తేటనీటిలోనే వెలుతురు అడుగునకు దిగి దారపు నాచు పుట్టును. నీరు కొంత పచ్చగా నుండుటయే అడుగు నాచుకు గొడుగు. మేత చేపల మొత్తపు బరువులో నూటికి రెండు మూడు పాళ్ళు మించరాదు. చిల్లులు పెట్టిన సంచిలో వేసి నీటిలో వ్రేలాడదీసిన మిగిలినదెంతయో మఱునాడు తెలియును. ముసురు దినములలో మేత మానుట మేలు.

నీలి యాకుపచ్చ తెట్టు విషయమున మాత్రము ఉపేక్ష కూడదు. 1878 లోనే ఆస్ట్రేలియా దేశమున అలెగ్జాండ్రినా సరస్సులో ఇట్టి తెట్టు కలిసిన నీరు త్రాగి గొఱ్ఱెలును, గుఱ్ఱములును, పశువులును చచ్చిన సంగతిని జార్జి ఫ్రాన్సిస్ అను నాతడు పత్రికలో ప్రకటించెను. ఈ జాతిలో కొన్ని, కాలేయమును పాడుచేయు విషమును పుట్టించును. ఏది విషము గలదో ఏది లేనిదో కంటికి తెలియదు. నీటిని కాచినను ఆ విషము పోదు. తెట్టు కనబడిన గుంటకు దూడలను, గేదెలను తోలరాదు, ఆ నీటితో అన్నము వండరాదు, పిల్లలను ఈదనీయరాదు. దీనిపై తుత్తము చల్లుట మఱింత ప్రమాదము, ఏలనన చచ్చిన వెంటనే లోని విషమంతయు నొక్కమాఱు నీటిలో కలియును. గాలివాటున గట్టున చేరిన తెట్టును చేతికి తొడుగు వేసికొని, గుడ్డతోగాని, బకెట్టుతోగాని తీసి గోతిలో పూడ్చి, మేత ఆపి, మత్స్యశాఖవారికి తెలుపవలయును.

తెల్లవాఱుజామున చేపలు పైకి తేలి గ్రుక్కలు పట్టుచున్నయెడల అప్పుడు చేయవలసినది వేఱు. మొదట ఇంజనుతో బోరునీరుగాని, కాలువనీరుగాని ఎత్తునుండి పలుచగా పడునట్లు కొట్టవలయును. బోరునీటిలో ప్రాణవాయువు తక్కువ గనుక రేకుమీదనో, తాటిమట్టలమీదనో పడి చెదరి గుంటలోనికి జాఱునట్లు చేసిన మేలు. వేఱునీరు లేనియెడల గుంటనీటినే తోడి గుంటలోనే చిమ్మింపవలయును. ఇంజను వచ్చులోపల ఇద్దరు మనుష్యులు వెదురుగడలతో నీటిని కొట్టుచుండుటయు కొంత ఆదుకొనును. ఆ దినమున మేతగాని, పేడగాని, సున్నముగాని వేయరాదు. ప్రొద్దుపొడిచి రెండుగడియలైనను చేపలు దిగనియెడల పెద్దవానిని పట్టి అమ్ముకొనుట వివేకము. గాలి గ్రుక్కలు పట్టుచున్న చేపకు ధర కలదు. తేలిన చేపకు లేదు.

నీటి పరీక్షకు ఉండి గ్రామమందలి మత్స్య పరిశోధనా కేంద్రమునుగాని, కాకినాడలోని మత్స్య సాంకేతిక సంస్థనుగాని, భీమవరము వంటి పట్టణములలోని పరీక్షాశాలలనుగాని ఆశ్రయింపవచ్చును. శుభ్రమైన సీసాను గుంటనీటితో రెండుమాఱులు కడిగి, గట్టునుండి దూరముగా, నీటిమట్టమునకు మూరెడు లోతున ముంచి, గాలిబుడగ మిగులకుండ నింపి మూత బిగింపవలయును. ఎండ తగులనీయక, నాటి దినమే అందజేయవలయును. గుంట విస్తీర్ణము, నీటి లోతు, వేసిన చేపలు, ఆ నెలలో వేసిన మేత ఒక కాగితముపై వ్రాసి యీయవలయును. సీసాపై నీరు తీసిన వేళ తప్పక వ్రాయవలయును. ఉదయము ఆరుగంటల నీటికిని, మధ్యాహ్నము మూడుగంటల నీటికిని ఒకే గుంటలో లెక్క వేఱుగా వచ్చును.